గుండిగ మీద రెండో పేరు

"నీ పేరు చెక్కిన పళ్ళెంల నువ్వే తినకుంటె ఇంకెవరు తింటరు? కూసో," అంది జయాబాయి.

సూగప్ప కూర్చోలేదు. తుంచిన జొన్నరొట్టె ముక్కను పళ్ళెంలోనే వదిలేసి, చెంబెడు నీళ్ళతో చెయ్యి కడుక్కుని లేచాడు.

"పళ్ళెం మీదనన్న ఉండనీయి నా పేరు. మిగిలిన కాడ నీ కొడుకు తీస్తనే అంటుండు గద."

"తీస్తనని నేను యాడన్న నాయనా?" లోపలి గదిలోంచి ఈరేశ్ గొంతు వచ్చింది. "తీయాల్సొస్తదేమో అన్న."

"ఏమో అంట, ఏమో! మొన్న ఐతారం గోధుమల హుగ్గి పాసెం వండించి, థర్మల్ కరెంటు ప్లాంట్ల నాతోని పనిచేసిన దోస్తులందరిని పిలిచి కడుపునిండ పెట్టిన. కంప్యూటర్ల నా పేరు చూసి జంబన్న కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. ఇప్పుడు వానికి ఏం మొకం చూపియ్యాలె? పేరు పోయిన దినం ఈ ఇంట్ల నాకు అన్నం పెట్టద్దు. చెప్తున్న, వినుండ్రి."

కండువా దులిపి భుజాన వేసుకుని, వీధి అరుగు మీదకు వెళ్ళి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

కోడలు సౌభాగ్య పొయ్యి దగ్గర పెనం మీద రొట్టెను తిప్పుతూ తలెత్తలేదు. తప్పంతా తన నోటిదే అనిపించింది ఆమెకు. నిన్న సాయంత్రం బాళగనూరు రైస్‌మిల్లు చంద్రమోహన్ కూతురు ఫోన్ చేసి, ఇంజనీరింగ్ చదివే పిల్ల కదా, సూటిగానే అడిగింది. "అక్కా, మా మిల్లులో మీరు పెట్టిన కాంటా ప్రోగ్రాము ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతోంది. రాసింది ఫిన్లాండ్‌లో హెలెనా అనే ఆవిడ. మీ దాంట్లో సూగప్పగారి పేరుందేంటి?" సౌభాగ్య ఫోన్ పెట్టేసి, పక్కన మామ ఉన్నాడో లేడో చూసుకోకుండా మొగుణ్ణి ఆ మాటే అడిగేసింది. ఈరేశ్ మొహం పాలిపోయింది. సూగప్ప చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

ఈరోజు మధ్యాహ్నానికి చంద్రమోహన్ కూతురితో సహా వస్తానని కబురు పెట్టాడు. ఏం చెప్పాలి?

"నువ్వన్న తిను," అంది జయాబాయి కోడలితో.

"మామ తిననిది నాకు దిగుతదా అత్తమ్మా?"

"దిగదు. అట్లని పెనం మీద రొట్టె మాడగొడతవా?"

సౌభాగ్య ఉలిక్కిపడి రొట్టెను తీసింది. నిజంగానే ఒక పక్క నల్లబడింది.

పెరట్లో మరో పని ఎదురుచూస్తోంది. ఆదివారం హుగ్గి వండిన ఇత్తడి గుండిగలు ఇంకా సంఘానికి వాపసు పోలేదు. అడుగంటిన గోధుమ గింజలు నీళ్ళలో నాని ఉబ్బి ఉన్నాయి. కులసంఘం గదిలో ఇలాంటి గుండిగలు వరసగా బోర్లించి ఉంటాయి. పెళ్ళికో పిల్లల తొట్టెల వేడుకకో ఎవరైనా తెచ్చుకోవచ్చు, రూపాయి ఇవ్వక్కర్లేదు. తోమి, ఆరబెట్టి, తెచ్చినదాన్ని తెచ్చినట్టు అప్పజెప్పాలి, అంతే. సౌభాగ్య చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చింతపండు, బూడిద తీసుకుని కూర్చుంది.

ఈరేశ్ వెనకాలే వచ్చి బావి గట్టు మీద చతికిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. రాత్రంతా కన్నుమూయలేదని ఆమెకు తెలుసు, పక్కన ఆమె కూడా మూయలేదు కనక.

"ఇగో, ఒక్క ముచ్చట చెప్పు," అంది సౌభాగ్య తోముతూనే. "ఆమె మనల్ని పైసలడుగుతదా?"

"అడగదు."

"ఉచితంగ దొరికింది మనం అమ్ముకున్నమని కోపమా?"

"అమ్ముకోవచ్చే. ఎంతకన్న అమ్ముకోవచ్చు, లైసెన్స్‌ల ఆమెనే రాసింది. కాని కొన్నోళ్ళకు లోపల రాసిన కోడ్ అంత గూడ ఇయ్యాలె. మనం కొత్తగ కలిపింది దాచద్దు. వాళ్ళు దాన్ని మార్చుకున్నా, ఇంకొకరికి ఇచ్చుకున్నా మనం అడ్డం పడద్దు. ముందు రాసినోళ్ళ పేర్లు చెరపద్దు. గంతే."

"గంతేనా! గింత అగ్గువ షరతుకు ఇంట్ల గింత లొల్లా?"

"చెరిపేసిన గద!" అన్నాడు ఈరేశ్. "షరతు తప్పినోనికి వాడుకునే హక్కే పోతది. ఆమె మల్ల ఇస్తెనే ఉన్నట్టు. ఇయ్యనంటె అన్ని మిల్లుల నుంచి తీసేసుకోని ఇంట్ల కూసోవాలె."

సౌభాగ్య చెయ్యి ఆగింది. ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బెంగళూరులో కంపెనీ మూతపడి ఈరేశ్ పెట్టె సర్దుకుని రాయచూరు వచ్చిన ఏడు, ఆ మనిషి ఇదే బావి గట్టు మీద ఇలాగే కూర్చునేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. కల్లూరు నుంచి పుట్టింటివాళ్ళు కందిపప్పు పంపితే సిగ్గుతో ముద్ద మింగేవాడు కాదు. అప్పుడే దొరికింది ఆ ప్రోగ్రాము. లారీ కాంటా మీదకు ఎక్కగానే బరువును కంప్యూటర్లోకి తెచ్చేది. దానికి వడ్ల తేమ కోత, బస్తాల లెక్క, కన్నడంలో రసీదు, అన్నీ ఈరేశ్ రాత్రింబవళ్ళు కూర్చుని కలిపాడు. మొదట బాళగనూరు మిల్లులో పెట్టారు. తర్వాత కాలవ పొడుగునా ఒక మిల్లును చూసి ఇంకో మిల్లు అడిగింది. మళ్ళీ ఆ మనిషి నవ్వు చూసింది సౌభాగ్య. ఇంతకంటే ఆమె దేవుణ్ణి అడిగింది కూడా లేదు.

"మరి ఆ పేర్లెందుకు చెరిపినవ్?"

"తప్పనుకోలే." అతను కాలి బొటనవేలితో నేలను గీస్తూ అన్నాడు. "బజార్ల పాత గిన్నె కొంటె ఏం చేస్తం? ముందు పేరు చెక్కేటోని దగ్గరికి పోయి పాతపేరు గీకిచ్చి మన పేరు చెక్కిస్తం. ఇంట్ల అన్ని గిన్నెల మీద నాయన పేరే. నేను సంపాదించిన మొదటి వస్తువు మీద గూడ నాయన పేరే ఉండాలనుకున్న. ప్రతి ఫైల్ మీద ఆమె పేరు, ఆమె కింద ఇంకెవరెవరివో పేర్లు ఉండె. అన్ని తీసేసి 'కర్త: సూగప్ప' అని పెట్టిన."

రాయచూరు మనిషి తప్ప ఇంకెవరూ ఈ తప్పు ఇంత భక్తిగా చేసి ఉండరు. సౌభాగ్యకు కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది.

"ఇయ్యాల ఒక్క దినం గడిస్తె సాలు," అన్నాడు ఈరేశ్ మెల్లగా. "ఆ పిల్ల పొరపాటు పడిందని చెప్త. చంద్రమోహన్ సార్ నా మాట నమ్ముతడు. నాయన అన్నం తింటడు."

"నమ్ముతడు," అంది గుమ్మంలోంచి జయాబాయి. ఎప్పుడొచ్చిందో ఏమో, చేటలో శనక్కాయలు పట్టుకుని నిలబడి ఉంది. "నమ్మేటోనికి అబద్దం చెప్పుడు తేలికనే. కొడుకా, నాకు కంప్యూటర్ తెల్వదు. ఒక్కటి చెప్పు. అది నువ్వు కొన్నవా, తెచ్చుకున్నవా?"

"ఏంది అవ్వా?"

"ఆ ఫిన్లాండో గిన్లాండో, ఆమె దగ్గర కొన్నవా? పైసలిచ్చినవా?"

"లే. తెచ్చుకున్న."

"కొన్న గిన్నె మీద పేరు గీకుకుంటం. తెచ్చుకున్న గుండిగ మీద ఎవరన్న గీకుతరారా?"

జయాబాయి జవాబు కోసం ఆగలేదు. శనక్కాయలు చెరుగుకుంటూ లోపలికి పోయింది.

సౌభాగ్య ముందున్న గుండిగను తన వైపు తిప్పుకుంది. గుండిగ అంచు మీద పెద్ద కన్నడ అక్షరాల్లో 'గిరిజమ్మ జ్ఞాపకార్థం' అని ఉంది. ఎవరా గిరిజమ్మ? ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో లేరు. అయినా ఈ వాడలో ఎన్ని పెళ్ళిళ్ళ అన్నం ఆమె పేరు మీద ఉడికిందో! సౌభాగ్య పెళ్ళి వంట కూడా ఈ గుండిగలోనేనని అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ రోజు తాను ఈ పేరు చదవను కూడా లేదు.

"ఇన్నేండ్లు మన ఇంట్ల అన్నం ఉడికింది గూడ ఎవరిదో గుండిగలనే," అంది పైకే. "ఆ హెలెనా పేరు నాకు నిన్నటిదాక తెల్వదు. దీపం పెట్టినప్పుడల్లా ఎవరికో దండం పెట్టుకుంటుంటి, మా ఇల్లు నిలబెట్టినోళ్ళు సల్లగుండాలని. ఆమెకే పెట్టినట్టుంది."

ఈరేశ్ తల ఎత్తి ఆమెను చూశాడు. అంతలో సౌభాగ్య చేతిలో పీచు గుండిగ చెవి కింద మసిలో ఆగింది. అక్కడ ఇంకేవో గీతలు తగిలాయి. చింతపండు గట్టిగా పెట్టి రుద్దింది. మసి ఊడి చిన్న చిన్న అక్షరాలు బయటపడ్డాయి. 'చెవి: శివన్న'.

"అత్తమ్మా! ఈ శివన్న ఎవరు?"

"మూల ఇంటి శివన్న," లోపలి నుంచే చెప్పింది జయాబాయి. "ఆయన బిడ్డ పెండ్లిల గుండిగ చెవి ఊడింది. కంచరోని దగ్గర కొత్తది వేయించి తెచ్చిచ్చిండు. గుండిగ ఇచ్చింది గిరిజమ్మ, చెవి ఏసింది శివన్న, ఆయన పేరు గూడ కింద చెక్కుండ్రి అన్నరు సంఘమోళ్ళు."

"అంటె ఆ చెవి శివన్నదే గద. మల్ల పీకిండా?"

"నీకేమన్న పిచ్చా? గుండిగకు ఏసింది గుండిగతోనే ఉంటది."

సౌభాగ్య ఆ రెండో పేరు మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

"నమస్కారమండీ సూగప్పగారూ! ఇంత ఎండలో అరుగు మీద కూర్చున్నారేంటండీ? ఒంట్లో బాగుందా?" చంద్రమోహన్ గొంతు వీధంతా వినిపిస్తుంది. ఆయన తండ్రి గోదావరి జిల్లా నుంచి కాలవ నీళ్ళ వెంట వచ్చి బాళగనూరులో స్థిరపడ్డాడు. ఆయన పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం అక్కడిదే.

"ఒళ్ళు బాగనే ఉంది ధణీ. లోపలికి పోండ్రి. ఈరేశ్ ఉన్నడు."

"మీరు రారేంటి?"

"నేను ఈడనే ఉంట."

చంద్రమోహన్, వెనక కూతురు లహరి లోపలికి వచ్చారు. సౌభాగ్య చెయ్యి కడుక్కుని మంచినీళ్ళు ఇచ్చింది. లహరి ఆమెను చూసి ఇబ్బందిగా నవ్వింది. పాపం, నిన్నటి ఫోన్ ఇంత పని చేస్తుందని ఆ పిల్లకేం తెలుసు!

చంద్రమోహన్ గ్లాసు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఈరేశ్‌గారూ, నేను డొంకతిరుగుడు మనిషిని కాదు. మా అమ్మాయి ఏదో అంటోంది. చదువుకునే పిల్ల, పొరపాటు పడొచ్చు. మీరు కాదంటే కాదనే అనుకుంటానండి. నాకు మీ మాట చాలు."

వాకిలి అవతల సూగప్ప దగ్గు వినిపించింది.

ఈరేశ్ తండ్రి ఉన్న వాకిలి వైపు చూశాడు. ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు, కారు వెళ్ళిపోతుంది, అరుగు మీది మనిషి లోపలికి వచ్చి రొట్టె తింటాడు. అబద్ధం చెప్పమని సౌభాగ్య లోపల ఒక గొంతు, వద్దని ఇంకో గొంతు. రెండూ తనవే.

"మీ అమ్మాయి చెప్పింది నిజం సార్," అన్నాడు ఈరేశ్.

చంద్రమోహన్ కూతురి వైపు తిరిగాడు.

"మొత్తం నాది గాదు. కాంటా నుంచి బరువు తెచ్చే పని ఆమెది. హెలెనా అని, ఫిన్లాండ్ల రాళ్ళ క్వారీల పనిచేస్తది. వాళ్ళ కాంటా కోసం రాసుకోని అందరికి వదిలేసింది. వడ్ల లెక్క, తేమ, రసీదు నాయి. ఆమె పేరు చెరిపింది నేను. మా నాయన పేరు పెట్టుకోనీకె చెరిపిన. మా నాయనకు ఈ సంగతి నిన్నటిదాక తెల్వదు. గల్తీ నాది."

చంద్రమోహన్ అరచేతులు మోకాళ్ళ మీద వేసుకుని ముందుకు వంగాడు.

"కాలవ పొడుగునా చెప్పుకొచ్చానండీ నేను. రాయచూరులో ఒక కుర్రాడున్నాడు, మొత్తం సొంతంగా రాశాడు, వాళ్ళ నాన్న పేరు పెట్టుకున్నాడు, చూడండి ఎంత మర్యాదో అని. ఇప్పుడు నా మొహం ఏం కావాలండి?"

"మాఫ్ చెయ్యుండ్రి సార్."

"మీ మీద కోపం లేదని అంటే అబద్ధం. ఉంది." ఆయన పైకప్పు వైపు చూశాడు. "అయినా ఒక మాట చెబుతాను. ఇదివరకు మా మిల్లు గేటు దగ్గర రోజూ రైతులతో గొడవేనండి. తూకం మోసమనీ, అంకె మార్చారనీ. మీ ప్రోగ్రాం వచ్చాక రైతు తన కళ్ళతో అంకె చూసుకుని, రసీదు జేబులో పెట్టుకుని వెళ్తున్నాడు. మా నాన్న ఉండుంటే సంతోషించేవాడు. ఆ ఆవిడకి ఉత్తరం రాస్తే నా తరఫున కూడా దణ్ణం పెట్టానని రాయండి."

"రాస్త సార్."

"అంతటితో అయిపోదండోయ్. సోమవారం సింధనూరులో మిల్లుల వాళ్ళందరం కూడుతున్నాం. మీరు రండి. ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ అందరికీ చెప్పండి. నేను చెబితే చాడీలాగుంటుంది. మీ నోటితోనే రావాలి."

ఈరేశ్ తలూపాడు.

"అన్నా," అంది లహరి. "నాకు కోడ్ ఇస్తారా?"

"ఇయ్యాలె. అది మీ హక్కు."

"హక్కని కాదండీ. తూకం మధ్యలో కరెంటు పోతే సగం రాసిన రసీదు పోతోంది కదా, మళ్ళీ లారీ వెనక్కి తీసి ఎక్కించాల్సి వస్తోంది. దాన్ని సరిచెయ్యొచ్చని నాకు అనిపిస్తోంది. చేసి మీకే పంపుతాను. మిగతా మిల్లులకి మీరే పెట్టండి."

ఈరేశ్ ఆ పిల్ల వైపు నమ్మలేనట్టు చూశాడు. కోడ్ ఇస్తే ఎత్తుకుపోతారని ఇన్నాళ్ళూ గుప్పిట మూసుకుని కూర్చున్న మనిషి. ఇస్తే మరమ్మతు చేసి తెచ్చి ఇస్తామంటున్నారు. "థాంక్స్ అమ్మా," అన్నాడు చాలా చిన్నగా. సౌభాగ్య టీ వంకతో లోపలికి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కారు వెళ్ళిపోయింది. సూగప్ప లోపలికి వచ్చాడు.

ఆయన గదిలోకి వెళ్ళి, ఈరేశ్ కంప్యూటర్ ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం పేరన్నవ్ ఆమెది?"

"హెలెనా."

"ఆడిమనిషి కాంటా కాడ పనిచేస్తదా?"

"ఆఁ నాయనా."

"రాళ్ళు తూసుడు కష్టం. నేను ఉద్యోగమంత బొగ్గు తూసిన, నాకు తెల్సు." కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నాడు. "ఆమె రాసింది యాడుంది? నువ్వు గీకకముందుది. చూపియ్యి."

ఈరేశ్ ఇంటర్నెట్లోంచి అసలుది తెరిచి చూపించాడు. సూగప్ప కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. మొదట హెలెనా. ఆమె కింద బ్రెజిల్ మనిషి ఎవరో, కొత్త రకం కాంటాలకు సరిపడేట్టు మార్చినవాడు. ఆయన కింద కేరళ పేరు ఒకటి. ఎవరు ఏ మరమ్మతు చేస్తే పక్కన ఆ మాట.

"ఇంతమందిని చెరిపి నన్ను ఎక్కిచ్చినవా?" అన్నాడు సూగప్ప. ఆ గొంతులో పొద్దున్నటి కోపం లేదు. "నేను బొగ్గు తూకం చీటీ మీద ఇంకొకని సంతకం కొట్టేసి నా సంతకం పెడితె థర్మల్ల నన్ను ఉండనిస్తుండిరా?"

ఈరేశ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నీ పేరు పెద్దగ చూడాలనుకున్న నాయనా."

"తెల్సు బిడ్డా. తెల్సు గనుకనే పొద్దుగాల రొట్టె దిగలే." సూగప్ప ముక్కు చీదుకున్నాడు. "నీ మీద కోపం గాదు. దోస్తుల ముందల సిగ్గు. సిగ్గు కోపం లెక్క బయటికొస్తది. యాడుంది నా పేరు? నేనే తీస్త. ఏ మీట నొక్కాలె?"

ఈరేశ్ చూపించాడు. తండ్రి ముడతల వేలు ఆ మీట మీద పడింది. తెర మీద సూగప్ప అన్న పేరు చివరి నుంచి ఒక్కో అక్షరమే పోయింది. మీట మీద అలవాటు లేని వేలు, ఎక్కువ నొక్కితే ఇంకేం పోతుందోనని భయంభయంగా నొక్కుతోంది. గుమ్మంలో జయాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ ఖాళీలో ఈరేశ్ హెలెనా పేరు, మిగిలినవాళ్ళ పేర్లు మళ్ళీ పెట్టాడు.

"ఇప్పుడు సాఫ్ అయింది," అని సూగప్ప లేవబోయాడు.

"ఆగుండ్రి మామా." సౌభాగ్యకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మామ ముందు ఇంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు, నిన్నటి పొరపాటు తప్ప. "బాళగనూరు మిల్లుల మొదటి దినం ఏమైంది? లారీ ఇంజన్ ఆపకుంట డ్రైవర్ కూసుంటె, అంకె ఊగుతుండంగనే రసీదు వచ్చేసేది. రైతులు కొట్లాటకొచ్చిన్రు. అప్పుడు ఎండల నిలబడి, బండి ఊగుడు ఆగేదాక అంకె పట్టద్దని చెప్పిందెవరు?"

"నేనే. గదేమన్న పెద్ద ముచ్చటనా? కాంటా కాడ ఎవడన్న చెప్తడు."

"ఎవడన్న చెప్పలే. మీరు చెప్పిన్రు. ఈయన రాసిండు. ఆమె రాసిన దాంట్ల అది లేదు." సౌభాగ్య మొగుడి వైపు తిరిగింది. "లేదు గద?"

"లేదు," అన్నాడు ఈరేశ్. అతని మొహంలోకి మెల్లగా ఏదో వెలుగు వస్తోంది. "అది మనమే కలిపినం."

"గుండిగ గిరిజమ్మది. చెవి శివన్నది. ఇద్దరి పేర్లున్నయి, నేను ఇప్పుడే తోమి చూసిన. కింద మీ పేరు రాయాలె మామా. కర్త అని గాదు. ఊగుడు ఆపినోడని."

ఈరేశ్ టైపు చేశాడు. కేరళ పేరు కింద కొత్త గీత. తూకం నిలకడ, సూగప్ప, ఈరేశ్, రాయచూరు.

"ఊరి పేరు గూడనా?" అన్నాడు సూగప్ప.

"వద్దా?"

"ఉండనీయి, ఉండనీయి."

తర్వాత హెలెనాకు ఉత్తరం మొదలైంది. ఈరేశ్ ఇంగ్లీషులో కొడుతుంటే సూగప్ప వెనక నిలబడి తెలుగులో చెప్పాడు.

"మాఫీ అడుగు. నసుగుడు వద్దు, సాఫ్ సీదా అడుగు. మీ పేరు గీకినం, మల్ల పెట్టినం అను. ఇంక వాడుకోనిస్తరా అని అడుగు. మీ కాంటా మీద మా ఇల్లు నడిచిందని రాయి. మా కోడలు రోజు దీపం పెట్టి దండం పెడతదని రాయి."

"అది గూడనా నాయనా?"

"రాయరా. ఏం పోతది?"

చంద్రమోహన్ దణ్ణం కూడా చేర్చి, మొత్తం ఒకసారి తండ్రికి చదివి వినిపించి, ఈరేశ్ పంపే మీట నొక్కాడు. నొక్కీ నొక్కగానే టప్పుమని తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది.

"కరెంటు పోయింది!" అరిచాడు ఈరేశ్. "ఉత్తరం పోయిందో లేదో తెల్వదే!"

"నీ తల్లి! ఊరి పక్కనే అంత పెద్ద థర్మల్ పెట్టుకోని మనకే కరెంటు లేదు. నేనున్నప్పుడు గిట్ల పోకపోతుండె."

"నువ్వున్నప్పుడు గూడ పోతుండె," అంది జయాబాయి. "నువ్వు డ్యూటీల ఉంటివి, నీకు తెల్వకపోతుండె."

సౌభాగ్యకు నవ్వు ఆగలేదు. ఈరేశ్ కూడా నవ్వాడు. సూగప్ప కోపం తెచ్చుకోబోయి కుదరక ఊరుకున్నాడు.

కరెంటు ఎంతకీ రాలేదు. సౌభాగ్య గుండిగలు కడిగి పెరట్లో బోర్లించింది. ఎండ గోడ ఎక్కింది. సూగప్ప కంప్యూటర్ ముందే కూర్చుని నల్లటి తెరను చూస్తున్నాడు.

"పొద్దుగాలది రొట్టె ఉందా?" అన్నాడు ఉన్నట్టుండి, ఎటో చూస్తూ.

జయాబాయి మాట్లాడకుండా పళ్ళెం పెట్టింది. ఆయన పేరున్న పళ్ళెమే. చల్లారిన రొట్టె, పప్పు, శనక్కాయ పొడి. సూగప్ప నేల మీద కూర్చుని తిన్నాడు. మాడిన రొట్టె తన వాటాకు వస్తే సౌభాగ్యకు అదీ తియ్యగానే ఉంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

సగం తినేసరికి ఫ్యాను మెల్లగా కదిలింది. ఈరేశ్ చెయ్యి కడుక్కుని పరిగెత్తాడు. కంప్యూటర్ లేవడానికి దాని తంటాలు అది పడింది.

"పోయింది నాయనా! పోయింది!" అని అరిచి, అంతలోనే గొంతు తగ్గించాడు. "జవాబు గూడ వచ్చింది."

తెర మీద హెలెనా పేరు నల్లగా, లావుగా ఉంది. ఇంకా తెరవలేదు. వద్దు అని రాసి ఉంటే సోమవారం సింధనూరులో మిల్లుల వాళ్ళకు చెప్పవలసింది క్షమాపణ ఒక్కటే కాదు, ప్రోగ్రాము తీసేసుకుంటున్నామని కూడా. సౌభాగ్య మొగుడి భుజం పట్టుకుంది. అతని వేలు మీట మీదకు వెళ్ళింది.

"ఆగు," అన్నాడు వెనక నుంచి సూగప్ప. పప్పు అంటిన చెయ్యి ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎంగిలి చేత్తోని వినద్దు. చెయ్యి కడుక్కోని వస్త."

పెరట్లో బోర్లించిన గుండిగల పక్కన చెంబు చప్పుడైంది.